నూకయ్య పేరున వేసిన పాదు

అసిరమ్మకి ఆ గుమ్మడిపాదంటే మొదటినుంచీ గిట్టదు. గిట్టకపోయినా దానికి నీళ్ళు మోసేది ఆమే.

పొందూరులో ఆ వీధికి చివరి ఇల్లు వాళ్ళది. తాటాకు ఇల్లు, ముందు మట్టి అరుగు, వెనకాల నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత పెరడు. మామ బతికుండగా ఎవరిదో పొలం కౌలుకు చేసేవాడు. కిందటి మాఘంలో ఆయన పోయాడు, పొలం మరొకరి చేతికి వెళ్ళింది. మగడు నూకయ్య రంగం వెళ్ళాడు. రంగూన్ని ఆ వైపు వాళ్ళంతా రంగమనే అంటారు. అక్కడ బియ్యం మిల్లులో పని. ఉన్నన్నాళ్ళూ ఉత్తరమో మనియార్డరో వచ్చేది. యుద్ధం ముదిరి రంగం మీద బాంబులు పడ్డాక రెండూ ఆగిపోయాయి. ఓడ దొరికినవాళ్ళు ఓడలో వచ్చారు, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. నూకయ్య ఏ దారినా రాలేదు. పోయాడని కళ్ళారా చూసి చెప్పినవాళ్ళూ లేరు. అలా రెండో ఏడు నడుస్తోంది.

ఇంట్లో మిగిలింది అత్త గురమ్మ, కోడలు అసిరమ్మ. గురమ్మ అరుగు మీద కూర్చుని నూలు వడుకుతుంది. ఒకప్పుడు ఆ వీధిలో ఆమె తీసినంత సన్ననూలు తీసినవాళ్ళు లేరు. ఇప్పుడు చూపు మందగించి, పోగు కంటికి ఆనక వేళ్ళతో తడుముకుని వడుకుతుంది. అసిరమ్మ కూలికి పోతుంది. ఊడ్పులకీ కలుపులకీ పిలిచేవాళ్ళకి కరువు లేదు. కరువల్లా బియ్యానికే. రంగం బియ్యం రావడం ఆగిపోయాక కొట్లలో బియ్యం బస్తా కనపడితే పండగే. చాలా రోజులు చోడి అంబలితోనే, అంటే రాగి జావతోనే, గడిచిపోయేవి. అందులో నంజుకోవడానికి పెరట్లో ఏ ఆకు దొరికితే ఆ ఆకు.

అందుకే పెరడంటే అసిరమ్మకి ఆశ. కూలినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అలాగే పెరట్లోకి నడిచేది. తోటకూర మడి, గోంగూర, నాలుగు బెండమొక్కలు, దడికి పాకిన చిక్కుడు, గిన్నెలు తోమేచోట బచ్చలి. ఇవన్నీ ఇవాళ నీళ్ళు పోస్తే నాలుగు రోజుల్లో కంచంలోకి వచ్చేవి. వాటికి చేసిన చాకిరీకి అర్థం ఉంది. గుమ్మడిపాదు అలా కాదు. పెరడంతటికీ బలమైన చోటు, ఏళ్ళ తరబడి బూడిదా పేడా పోసిన గుంట పక్క జాగా, దాన్ని అది మింగేసింది.

ఆషాఢంలో వానలు పడీ పడకుండా ఉన్నప్పుడు ఆ గింజలు పెట్టింది గురమ్మ. మొగుడున్నప్పుడు పిడకలో అద్ది గోడకి కొట్టి దాచిన గింజలవి. పిడక విరిచి, ఒక్కొక్క గింజా చీర చెంగుతో తుడిచి, తన చేత్తోనే గుంట తవ్వింది.

"ఇది నా కొడుకు పేరున ఏస్తన్నాను" అంది. "కాయ ముదిరేతలికి ఆడొస్తాడు. ఆడే కొడతాడు."

అసిరమ్మకి నడుం పట్టేసి ఉంది. ఆ రోజు పొద్దుటినుంచీ వంగి వరినారు ఊడ్చింది.

గుమ్మడికాయ మీద మొదటి కత్తి వేయడం ఆడవాళ్ళ పని కాదు. నిండుకాయని మగవాడు కొట్టాలి. అతను రెండు చెక్కలు చేసి పడేశాక ఆడవాళ్ళు ఎన్ని ముక్కలైనా తరుక్కోవచ్చు. మగదిక్కున్న ఇళ్ళలో ఇదొక సంగతని ఎవరికీ తోచదు. ఇంటాయన ఊళ్ళో లేని రోజున పక్కింటివాణ్ణి కేకేస్తారు, అతనొచ్చి ఒక దెబ్బ వేసి పోతాడు. నూకయ్య రంగం వెళ్ళాక కూడా ఇబ్బంది లేకపోయింది, మామ ఉన్నాడు కనక. ఇప్పుడు ఆ ఇంట్లో కత్తి పట్టే చెయ్యి లేదు. పక్కింటివాణ్ణి పిలవచ్చుగా అంటే గురమ్మ ఒప్పుకోదు.

"ఊరెల్లినోడింటికి పక్కోడొచ్చి కొట్టడం వేరు, మనింటికి కొట్టడం వేరే" అంటుంది. "ఇప్పుడు పిలిస్తే, ఈ ఇంట మగోడు నేడని ఊరంతటికీ మనమే సాటింపేసినట్టు."

సాటింపు వేసినా వేయకపోయినా ఉన్నది ఉన్నదే కదా అని అసిరమ్మకి నోటిదాకా వచ్చేది. అనలేదు. ఆ మాట ఒకసారి అంటే ఆ తర్వాత జరగవలసినవి చాలా ఉన్నాయి. నుదుట బొట్టు, చేతి గాజులు, మెడలో పుస్తె. వాటి సంగతి ఎత్తవలసి వస్తుంది.

శ్రావణంలో వాన మొహం చాటేసింది. అసిరమ్మ వీధి ఆ చివరనున్న నూతినుంచి బిందెలు మోసింది. బియ్యం కడిగిన నీళ్ళు లేవు, బియ్యమే లేవు కనక. అంబలి కుండ తొలిచిన నీళ్ళూ, కాళ్ళు కడిగిన నీళ్ళూ అన్నీ పట్టి పట్టి పాదులోకే పోసింది. గురమ్మ అరుగు మీదనుంచి కేకేసి అడిగేది.

"పాదుకి పోసినావేటే?"

"పోసినాను అత్తా."

"తోటకూరకి పోసీసి దీనికి పోసినానంటన్నావా?"

"దీనికే పోసినాను. తోటకూర ఎండిపోనాది సూడు కావాలంటే."

"ఎండిపోతే మల్లీ మొలుస్తాది."

పాదు మాత్రం ఎండలేదు. తీగ పెరడు చాలక చూరు పట్టుకుంది, చూరునుంచి ఇంటి మీదికి ఎక్కింది. పచ్చటి ఆకులు తాటాకు కప్పంతా పరుచుకున్నాయి. మగపువ్వులు కోసి వేయించుకుంటే గురమ్మ కాదనలేదు. లేత ఆకు వండితే కాదనలేదు. కానీ పిందె దిగిందగ్గరనుంచి ఆమె కాపలా మొదలైంది. ఏ పిందె ఎక్కడుందో కంటికి కనపడకపోయినా అడిగి తెలుసుకునేది. ఎంత లావయింది, రంగు తిరిగిందా, తొడిమ ఎండుతోందా.

ఆశ్వయుజం వచ్చేసరికి ఇంటి మీద కాయలు కుండల్లా కూర్చున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోయేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు కింద కూర్చుని చోడి అంబలి తాగేవాళ్ళు.

నూతి దగ్గర ఆడవాళ్ళకి ఇదొక వేడుకైపోయింది.

"ఒలే అసిరమ్మా, మీ యత్త గుమ్మడికాయల్ని సూసే కడుపు నింపేసుకుంటన్నాదేటే?" అనేది పైడమ్మ. ఆమె తోడికోడలి వరస, సింహాచలం పెళ్ళాం.

"ఆకలేస్తే పైకి సూడమంటన్నాదప్పా" అనేది అసిరమ్మ.

"దసరాకి బొమ్మల కొలువు ఎడతారు షావుకార్లు. మీరు కాయల కొలువు ఎట్టినారు."

అందరూ నవ్వేవాళ్ళు. అసిరమ్మ కూడా నవ్వేది. నవ్వడానికి వేరే బలం అక్కరలేదు కనక.

సింహాచలం నూకయ్యకి పెదనాన్న కొడుకు. మంచివాడే, నోరే కొంచెం ఎక్కువ. ఒకరోజు సాయంత్రం పొలంనుంచి వస్తూ అరుగు ముందు ఆగి ఇంటి కప్పు వైపు చూశాడు.

"ఏటి పిన్నీ, కాయల బరువుకి ఇల్లు నేలమట్టమైతే మా యమ్మ మమ్మల్ని తిడతాది. నా మరదల్ని కత్తి తెమ్మను. ఒక్క దెబ్బ, రెండు సెక్కలు. నాకో సెక్క."

గురమ్మ కదురు ఆపింది. "మా ముసలోడికి కొరివెట్టినావు. ఆ రోజు నా కొడుకు ఊళ్ళో నేడు కాబట్టి సరే అన్నాను. ఇప్పుడు ఆడి కత్తి కూడా నీకే కావాలేట్రా?"

సింహాచలం మొహం చిన్నబోయింది. "నానేటన్నాను పిన్నీ! కూరకని అన్నాను."

"కూరకి నీ ఇంట్లో ఏవైనా ఉంటే వొండుకో. ఎల్లు."

అతను తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. అసిరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అత్త మీద కోపం రాలేదు, బావ మీద జాలీ కలగలేదు. ఆ రాత్రికి అంబలిలోకి ఏముందా అని ఆలోచిస్తోంది. గోంగూర మొదళ్ళు మాత్రం మిగిలాయి.

కార్తీకం దాకా అలాగే గడిచింది. గురమ్మ రోజురోజుకీ తగ్గిపోతోంది. గిన్నెలో అంబలి సగం తాగి పక్కన పెట్టేసేది.

"నాకు సయించడం నేదు. నువ్వు తాగీ."

"నాకూ సయించడం నేదు" అనేది అసిరమ్మ. అయినా తాగేది. మర్నాడు వంగాలి, మొయ్యాలి. ఒకరోజు గురమ్మ అరుగు మీదనుంచి లేవబోయి కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని అలాగే జారి కూర్చుంది. ఎత్తుతుంటే ఎండుకట్టెల మోపంత బరువు కూడా లేదు. "కొడుకొచ్చేతలికి నానుండాల. ఆడికి కాయ నా సేత్తో ఇవ్వాల" అని గొణిగింది.

ఆ వారంలోనే తుఫాను పట్టింది. ఒకటే వాన, గాలి. వెలిశాక అసిరమ్మ నిచ్చెన వేసుకుని ఇంటి మీదికి ఎక్కింది, తాటాకులు లేచిపోయాయేమో చూద్దామని. కప్పు బాగానే ఉంది. కానీ అన్నిటికంటే పెద్దకాయ, రంగు తిరిగిన మొదటి కాయ, తడి తాటాకు మీద పడుకుని పడుకుని అడుగున మెత్తబడింది. వేలు పెడితే దిగింది. వేలు వాసన చూసుకుంది. ఇంకా చెడలేదు. రెండు రోజులాగితే చెడుతుంది.

ఆమె నిచ్చెన మీద అలాగే నిలబడిపోయింది. ఆ కాయ అంత కావడానికి మోసిన నీళ్ళు గుర్తొచ్చాయి. నీళ్ళని కాదు, ఆ బిందె చంకనెత్తుకున్నప్పుడల్లా నడుంలో పొడిచిన పోటు గుర్తొచ్చింది. అది కుళ్ళి పురుగుపట్టి పెంటలో పారేస్తే ఆ పోటంతా పెంటలో పారేసినట్టే. కింద అత్త కదురు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెకి ఈ కాయ సంగతి చెబితే ఏమంటుందో తెలుసు. పోతే పోనీ, ఇంకా ఉన్నాయి కదా అంటుంది.

అసిరమ్మ తొడిమ తెంపింది.

తట్టలో పెట్టి, పైన గడ్డి కప్పి, పెరటిదారిన బజారుకి నడిచింది. పరమేశ్వరమ్మ ఇంటికి. ఆవిడ మగడు జగన్నాధం కిరాణాకొట్టు షావుకారు, ఇంటి ముందు భాగమే కొట్టు. పంట రోజుల్లో వాళ్ళింట వడ్లు దంచడానికి అసిరమ్మ వెళ్ళేది. పరమేశ్వరమ్మ మెత్తని మనిషి. నిండుకాయ ఆవిడకిచ్చి, అక్కడ కొట్టాక ఒక చెక్క తెచ్చుకుంటే, ఇంటికి వచ్చేది చెక్కే అవుతుంది. చెక్కకి కట్టుబాటు లేదు. అసిరమ్మ చేసుకున్న ఆలోచన ఇంతే. అలిసిన మనిషికి ఇంతకంటే దూరం ఆలోచన పోదు.

"ఇదేటే, గుమ్మడికాయా?" అంది పరమేశ్వరమ్మ.

"మా పెరటిదమ్మా. అడుగు మెత్తబడిపోతన్నాది. కొట్టించి మీరో సెక్క ఉంచుకోండి. నాకో సెక్క ఇవ్వండి."

"మీ ఇంట్లో కొట్టించుకోలేకపోయావా..." అని పరమేశ్వరమ్మ అంటూ మధ్యలోనే ఆగిపోయింది. అసిరమ్మ మొహం వైపు చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది. "ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని మగణ్ణి పిలిచింది.

జగన్నాధం కొట్లోంచి వచ్చాడు. "ఎవరిది కాయ? రంగం నూకయ్య ఇంటిదా? అబ్బో, ఊరంతా చెప్పుకుంటున్న కాయ ఇదేనన్నమాట!" అని పెద్దగా అంటూ దాన్ని కొట్టు గుమ్మంలోకి తీసుకెళ్ళి అక్కడే కొట్టాడు. కొట్టు ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. కాయ లోపల పచ్చగా, పసుపు కలిపిన వెన్నలా ఉంది. "ఇన్నాళ్ళూ ముసలమ్మ ఎవరి చెయ్యీ పడనిచ్చింది కాదట కదా?" అన్నారెవరో. జగన్నాధం పెళ్ళాం మొహం చూసి, కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

పరమేశ్వరమ్మ పెద్ద చెక్కే అసిరమ్మ తట్టలో పెట్టింది. దానితోపాటు అడక్కుండానే బెల్లం ముక్కా, చింతపండు ఉండా పెట్టింది. "ఉంచు. మీ అత్తని జాగర్తగా చూసుకో" అంది. శుక్రవారం పూట గడప దిగే ఆడదానికి బొట్టు పెట్టకుండా పంపదు ఆవిడ. ఆ రోజు శుక్రవారమే అయినా, గూట్లో కుంకుమ భరిణ వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అసిరమ్మ చూసింది. బెల్లం ముక్క చేతిలో ఉంది కనక దాన్ని గురించి ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి పులుసు పెట్టింది. గుమ్మడి ముక్కలు, బెల్లం, పచ్చిమిరపకాయలు, చివర ఆవ నూరి కలిపింది. ఇల్లంతా ఆ వాసన పట్టేసింది. గురమ్మ అరుగు మీదనుంచి తనంతట తనే లేచి లోపలికి వచ్చింది.

"ఏటే అది?"

"గుమ్మడి పులుసు. అంగట్లో సెక్క దొరికినాది."

గురమ్మ "సెక్కైతే పరవానేదు" అని పీట వాల్చుకుని కూర్చుంది. ఆ రోజు అంబలి వదలలేదు. పులుసు రెండోసారి అడిగి వేయించుకుంది. చెయ్యి నాక్కుంది. "మన కాయలైతే ఇంతకన్నా తియ్యగుంటాయి" అంది. అసిరమ్మ తల వంచుకుని తింది. ఎన్నాళ్ళకో కడుపు బరువుగా అనిపించి, గిన్నెలు తోమకుండానే చాప మీద ఒరిగింది.

మర్నాడు పొద్దున్నే ఆమె పెరట్లో గాలికి పడిపోయిన చిక్కుడు దడి నిలబెడుతోంది. వీధిలో ఏడుపు వినిపించింది. ఎవరింట్లోనో అనుకుంది. అది తమ అరుగు దగ్గరే ఆగింది.

"ఓలమ్మో! నా తండ్రీ నూకయ్యా! ఊరుకాని ఊళ్ళో ఎలా పోనావురా నాయనా!"

అది పైడమ్మ గొంతు. వెనక ఇంకా నాలుగైదు గొంతులు కలిశాయి. అసిరమ్మ మట్టి చేతులతోనే ముందుకు పరిగెత్తింది. వీధి ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు చుట్టూ చేరారు. గురమ్మ మధ్యలో కూర్చుని ఉంది, కదురు చేతిలో ఉంది, దూది ఒళ్ళో ఉంది. ఎవరి మొహం చూడాలో తెలియక గొంతులు వినిపించిన దిక్కుకల్లా తల తిప్పుతోంది.

"ఏటిదే? ఎవులు పోనారే? నా కొడుకు పేరెందుకు ఎత్తుతన్నారే?"

ముసలి పోలమ్మ ఆ వీధిలో ఇలాంటి వేళలకి పెద్ద దిక్కు. అసిరమ్మని చూడగానే వచ్చి చెయ్యి పట్టుకుంది. "రా తల్లీ, ఇలా కూకో. గుండెల్లో దాసుకుంటే దాగుతాదా?" అంటూ ఆమె మణికట్టు మీద గాజులు వెనక్కి తోసింది. మట్టిగాజులు చర్మాన్ని నొక్కాయి. పోలమ్మ చెయ్యి మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది.

అప్పుడు అసిరమ్మకి తెలిసింది. కొట్టు గుమ్మంలో ఎందుకలా అడిగారో, పరమేశ్వరమ్మ బెల్లం ఎందుకిచ్చిందో, బొట్టు ఎందుకు పెట్టలేదో అన్నీ ఒక్కసారి తెలిశాయి. ముసలమ్మ పట్టు వదిలి కాయని షావుకారింట కొట్టించుకుందంటే నూకయ్య పోయినట్టు కబురు వచ్చి ఉంటుందని ఊరు అనుకుంది. ఇంకేమనుకుంటుంది? ఇంతకాలం గురమ్మ చెప్పిందీ అదే కదా.

కాదని చెప్పాలి. నోరు తెరిచింది. పోలమ్మ ఆమె తలని భుజం మీదికి లాక్కుంది. ఆ భుజం మీద తల ఆనగానే అసిరమ్మకి మాటకి బదులు ఏడుపు వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. రెండేళ్ళుగా ఆమెని ఎవరూ ఇలా పట్టుకుని కూర్చోమనలేదు. నిజంగా పోయాడనే కబురే వచ్చి ఉంటే ఇవాళ కూలికి పోనక్కరలేదు. నీళ్ళు మొయ్యనక్కరలేదు. ఎవరో ఒకరు వండి తెచ్చి నోట్లో పెడతారు. అతను రాడు అని తెలిసిపోతుంది, ఇక ఎదురుచూడనక్కరలేదు. ఈ ఆలోచన వచ్చినందుకు భయం వేసింది. భయం వేసినా ఏడుపు ఆగలేదు. అది చూసి ఆడవాళ్ళు మరింత గట్టిగా అందుకున్నారు.

"అసిరీ!" అని ఒక్క కేక వేసింది గురమ్మ.

అందరూ ఆగారు.

గురమ్మ కదురు పక్కన పెట్టి, అరుగు మీద పాక్కుంటూ వచ్చింది. చేతులు చాచి కోడలి మొహం తడిమింది. తడి తగిలింది.

"కబురొచ్చినాదేటే? నాకు సెప్పకండా దాసీసినావా?"

ఆ గొంతులో కోపం లేదు. అంత పెద్దమనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. అసిరమ్మ పోలమ్మ చేతుల్లోంచి విడిపించుకుంది. ఇప్పుడు ఒక్కమాట చాలు. అవునన్నా చాలు, ఊరుకున్నా చాలు.

"నేదత్తా" అంది. "ఏ కబురూ రానేదు. కాయ కుళ్ళిపోతన్నాది. నువ్వేమో లేవలేకపోతన్నావు. నాకూ ఆకలేసినాది. షావుకారింటికి అట్టుకెల్లి కొట్టించినాను. అంతే."

"నిన్న పులుసు?"

"మన కాయే."

పైడమ్మ ఏడవడానికి పట్టుకున్న చెంగుని ఏం చేయాలో తెలియక మొహం తుడుచుకుంది. "మరి బజార్లో అందరూ అన్నారు కదప్పా... కాయ కొట్టించేసినారంటే మరేటనుకుంటాం?" అని గొణిగింది. బతికున్నవాడికి ఏడ్చామేమోనన్న భయం ఒక్కొక్కరి మొహంలోకీ వచ్చింది. ఇద్దరు మెల్లిగా వెనక్కి తగ్గారు.

గురమ్మ అలాగే కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. కోడల్ని ఏమంటుందో అని అందరూ చూస్తున్నారు. చివరికి తలెత్తింది.

"ఎంతమంది ఏడిసినారే?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అడుగుతంటే సెప్పరేటి? పోలమ్మొదిన ఉన్నాది, పైడమ్మ ఉన్నాది. ఇంకా?"

"ఊరు సగం ఉన్నాది పిన్నీ" అన్నాడు సింహాచలం. అతను తలకి గుడ్డ చుట్టుకుని, చివరగా వచ్చి దూరంగా నిలబడి ఉన్నాడు.

"మంచిదే" అంది గురమ్మ. ఆమె మొహం మీదికి నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. "బతికున్నోడు సచ్చినాడని పుకారు పుట్టి, జనం కూకోని ఏడిస్తే ఆడికి ఆయుస్సు పెరుగుతాదంట. మా యమ్మ సెప్పీది. నా కొడుక్కి ఆయుస్సు పెరిగిపోనాది. ఆగిపోనారేటే? ఏడవండి. ఇంకాసేపు ఏడవండి!"

ముందు పోలమ్మ నవ్వింది, నోట్లో పళ్ళు లేని నవ్వు. తర్వాత పైడమ్మ. తర్వాత అందరూ. తప్పించుకున్నామన్న నవ్వు అది. "అవునప్పా, మా పినతల్లి కొడుక్కీ అలాగే పుకారు పుట్టినాది. ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు" అన్నారెవరో. "మేం పనికెల్లే బుగత సంగతీ అంతే" అన్నారు ఇంకెవరో. మాట మీద మాట వచ్చి, చూస్తుండగానే అది చావు ముంగిలి కాకుండా పోయింది.

"సింహాచలం!" అని పిలిచింది గురమ్మ. "ఒరే, ఇలా రా. ఇంటి మీద కాయలన్నీ దింపు. కొట్టు."

సింహాచలం కదల్లేదు. "మొన్న తిట్టినావు కదా పిన్నీ!"

"మొన్నటికి ఆడి ఆయుస్సెంతో నాకు తెలీదు. ఇప్పుడు తెలిసినాది. ఆడెలాగూ వస్తాడు. ఆడొచ్చిందాకా నీ సెయ్యి అరువియ్యి. అంతే. అరువు సెయ్యే, నీది కాదు."

"అరువు సేతికి వడ్డీ ఏటి మరి?"

"ఒక సెక్క. సన్నది."

సింహాచలం నవ్వుతూ నిచ్చెన ఎక్కాడు. కాయలు ఒక్కొక్కటీ కిందికి దిగాయి, ఆడవాళ్ళు చేతులు మార్చుకుని అరుగు మీద పేర్చారు. అతను కత్తి పుచ్చుకుని కొడుతుంటే ఒక్కో దెబ్బకీ గురమ్మ తల ఊపింది. పరామర్శకి వచ్చినవాళ్ళకి తలా ఒక చెక్క ఇచ్చింది. వాళ్ళు పైట కింద పెట్టుకుని వెళ్ళిపోయారు. పోలమ్మ పోతూ పోతూ అసిరమ్మ గాజులు మళ్ళీ మణికట్టు మీదికి సర్దింది. "కోపం ఎట్టుకోకే తల్లీ" అంది.

అరుగు ఖాళీ అయింది. ఇంటి మీద తీగ కాయలు లేక తేలికగా గాలికి ఊగుతోంది. గురమ్మ గుంజకి ఆనుకుని, ఎన్నడూ లేనంత హుషారుగా మాట్లాడుతోంది.

"ఒకరూ ఇద్దరూ కాదే, ఊరు సగం ఏడిసినాది. ఇంకో ముప్పై ఏళ్ళైనా పెరిగుంటాది ఆడికి. ఇప్పుడు రాకపోతే ఏటి, ఎప్పుడైనా వస్తాడు. మనకి తొందరేటున్నాది?"

అసిరమ్మ గడపలో కూర్చుని వింటోంది. చేతుల మీద మట్టి ఎండి పగుళ్ళు తేలింది. మణికట్టు మీద గాజులు నొక్కినచోట ఎర్రగా గీతలు పడ్డాయి. ముప్పై ఏళ్ళు. అతని ఆయుస్సు ఎంత పెరిగితే ఆమె ఎదురుచూడవలసిందీ అంత. అత్తకి అది తోచలేదు, తోచదు. పోలమ్మ భుజం మీద మొదలైన ఏడుపు సగంలో ఆగిపోయి అలాగే మిగిలింది. దాన్ని ఇప్పుడు ఎవరి దగ్గర ఏడవాలో తెలియదు.

"ఒసే, ఇంటన్నావా?"

"ఇంటన్నాను అత్తా."

"ఇయాళ కూలికి ఎల్లకు. మద్దినేళ అయిపోనాది, ఎవులూ అనరు. పులుసు ఎట్టు. నువ్వే ముందు తిను."

అసిరమ్మ లేవడానికి గుమ్మం పట్టుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. కాసేపు అలాగే నిలబడి, తిమ్మిరి తగ్గాక, ముక్కలు తరగడానికి లోపలికి వెళ్ళింది.